ఐస్ ఫిషింగ్ టెంట్: ఈ సీజన్ డైరీ

నవంబర్

గడ్డకట్టిన లేక్ మీద బెజ్జం పెట్టి, బకెట్ బోర్లించి, గాలికి వీపు పెట్టి కూర్చుని చేపలు పట్టడం పోయిన చలికాలంతో చాలనిపించింది. అమెరికాలో మేముండే మినెసోటా రాష్ట్రంలో జనవరిలో మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 29 సెల్సియస్, వింతేమీ కాదు. రాడ్ కొసన రింగుల్లో నీళ్ళు గడ్డకట్టి లైన్ కదలదు. చేప ముట్టుకున్నా చేతికి తెలియదు. అందుకే ఈ సీజన్‌కి షెల్టర్, అంటే ఐస్ మీద వేసుకునే టెంట్, కొంటున్నాను. ఏ రకమన్నదే తేల్చుకోవాలి.

దుకాణంలో నిలబడితే ఎవరికైనా పెద్దదే నచ్చుతుంది. కాబట్టి ఇంట్లోనే కూర్చుని మా పరిస్థితి రాసుకున్నాను. ఉండేది ప్లిమత్‌లో టౌన్‌హోమ్. గరాజ్‌లో ఇప్పటికే చోటు లేదు. మా ఆవిడ కరివేపాకు కుండీలు చలికాలమంతా అక్కడే. ఉన్నది చిన్న ఎస్‌యూవీ. స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) లేదు, పికప్ లేదు. ఎక్కువగా వెళ్ళేది దగ్గర్లోని మెడిసిన్ లేక్‌కి. కారు ఒడ్డున ఆపి, సామానంతా స్లెడ్ (మంచు మీద జారే తొట్టి) మీద వేసి, తాడు నడుముకి కట్టుకుని లాక్కుంటూ నడవాలి. మామూలుగా నేనూ మా బావమరిదీ, సెలవు రోజైతే మా వాడు కూడా.

ఇంత రాశాక సగం రకాలు వాటంతటవే పోయాయి.

గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, పైన గుడ్డ తొడిగే క్యాబిన్ రకం గురించి ఎక్కువ చెప్పను. మందపాటి గ్లవ్స్‌తో గొట్టాలు దూర్చి చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

అసలు పోటీ ఫ్లిప్ ఓవర్‌కీ, హబ్‌కీ మధ్యే. ఫ్లిప్ ఓవర్‌లో స్లెడ్డే నేల, సీట్లు దానికే బిగించి ఉంటాయి, కప్పు వెనక్కి మడిచి ఉంటుంది. లాక్కెళ్ళి, బెజ్జం పెట్టి, కూర్చుని, కప్పు తల మీదుగా ముందుకి లాగితే ఇల్లు తయారు. చేప లేకపోతే కప్పు వెనక్కి వేసి ఇంకో బెజ్జానికి పోవడమే. 1980 ప్రాంతంలో దీన్ని ఇంట్లో తయారుచేసుకుని వాడకంలోకి తెచ్చిన డేవ్ జెంజ్ ఈ మినెసోటా మనిషే. తర్వాత క్లామ్ కంపెనీ ఫిష్ ట్రాప్ పేరుతో అమ్మింది. అప్పటిదాకా ఇక్కడ చెక్క గదిలో ఒకేచోట కూర్చునే అలవాటు ఎక్కువ. చేప ఎక్కడుంటే మనం అక్కడికి పోవాలన్నది ఆయన పద్ధతి, ఆ పద్ధతికి తగ్గ టెంట్ ఇది.

మనసు అటే లాగింది. బరువు చూశాను. ఇద్దరు కూర్చునే ఇన్సులేటెడ్ (చలి ఆపే రెండు పొరల గుడ్డ) మోడల్ ఖాళీగానే 100 పౌండ్ల దరిదాపు, కొన్నయితే ఇంకా పైన. దాని మీద ఆగర్ (ఐస్‌కి బెజ్జం పెట్టే బర్మా), హీటర్, సోనార్ (నీళ్ళలో చేప ఎక్కడుందో చూపే యంత్రం), ఫ్లాస్క్. నున్నటి ఐస్ మీద లాగొచ్చు. మోకాలి దిగువ వరకు మంచు పడిన రోజున మాత్రం బండి లేనివాడు దాన్ని కదిలించడం కష్టం. పైగా అది మా కారులో పట్టదు, గరాజ్‌లో అసలే పట్టదు.

హబ్ గొడుగులాంటిది. నాలుగు గోడలకీ పైకప్పుకీ మధ్యలో ఊచలన్నీ కలిసే కీలు, అంటే ఒక్కో హబ్ ఉంటుంది, బయటికి లాగితే ఊచలు బిగుసుకుని నిలబడుతుంది. మడిస్తే పొడుగాటి సంచి. వెనక సీటు పడేస్తే కారులో పట్టింది, ఇంట్లో మెట్ల కింద కూడా పట్టింది. 6 అడుగులకి 6 అడుగుల ఇన్సులేటెడ్ రకం 35 పౌండ్ల లోపే. ధర మూడు వందల డాలర్ల చుట్టూ. అదే తీసుకున్నాను.

పెట్టె మీద "ముగ్గురికి" అని ఉంది. అది హీటర్ లేకుండా, చలికోట్లు లేకుండా, మోకాళ్ళు దగ్గరకి ముడుచుకున్న ముగ్గురి లెక్క. నేల 36 చదరపు అడుగులు. హీటర్ చుట్టూ రెండడుగులు ఖాళీ వదలాలి, ఒక్కొక్కరికి కుర్చీ, కుర్చీ ముందు బెజ్జం. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక పిల్లాడూ సర్దుకోగలరు, అంతకంటే కుదరదు. ఏ కంపెనీదైనా పెట్టె మీద అంకెలోంచి ఒకటి తీసేసి చదువుకోండి.

డిసెంబర్

టెంట్ సిద్ధమే, ఐస్ సిద్ధం కావాలి. రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పే కొలత ప్రకారం కొత్తగా కట్టిన తేటైన ఐస్ 4 అంగుళాలుంటేనే మనిషి నడవాలి. స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి 9 నుంచి 10. తెల్లగా మంచు కలిసి గట్టిపడిన ఐస్ అయితే మందం రెట్టింపు చూసుకోవాలి. ఒడ్డున కొలిచేసి ధీమా పడకూడదు, ఇనప గునపంతో ముందుకి పొడుచుకుంటూ పోవాలి. కాలవ కలిసేచోటా, రెల్లు ఉన్నచోటా పల్చగా ఉంటుంది. లోతుగా మంచు కప్పేసిన చోట కూడా అనుమానించాలి: మంచు దుప్పటి కింద ఐస్ నెమ్మదిగా పెరుగుతుంది.

మెడ చుట్టూ ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే ఐస్‌కి గుచ్చి పైకి పాకే మేకులు) వేసుకోనిదే మా బావమరిదిని టెంట్‌లోకి రానివ్వను. "నువ్వు మా అక్క కంటే ఎక్కువ చేస్తున్నావు బావా" అంటాడు. అననీ.

వెనక పెరట్లో ఒకసారి, లేక్ మీద ఒకసారి విప్పి చూశాం. గాలి లేని రోజున రెండు నిమిషాల పని. గాలున్న రోజున వరస మారుతుంది: సంచిలోంచి తీయకముందే గాలి వచ్చే వైపు ఒక ఐస్ యాంకర్ (ఐస్‌లోకి దిగే మరమేకు) బిగించి, టెంట్ మూల తాడు దానికి కట్టాలి. ఆ తర్వాతే హబ్‌లు లాగాలి. మిగతా మూలలు, ఆ తర్వాత గోడ మధ్య తాళ్ళు. విప్పేటప్పుడు ఆ మొదటి యాంకర్ చివరగా తీయాలి. ఖాళీ హబ్‌కి గాలి పడితే లేక్ అవతలి ఒడ్డు దాకా ఆగదు.

యాంకర్లు చేత్తో తిప్పి దింపడం గట్టి ఐస్ మీద నరకం. డ్రిల్‌కి తగిలించే చిన్న అడాప్టర్ పది డాలర్లు దాటదు. టెంట్‌తో పాటు కొనాల్సిన మొదటి వస్తువు అదే. డ్రిల్ బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి, చలికి ఊరికే చచ్చిపోతుంది. ఎరకి తెచ్చిన మైనపు పురుగుల డబ్బా కూడా అదే జేబులో. మా ఆవిడకి చెప్పలేదు.

జనవరి

ఇన్సులేషన్‌కి అదనపు డబ్బు దండగా అని అడిగేవాళ్ళున్నారు. వెచ్చదనం ఒక్కటే చూస్తే మామూలు గుడ్డలో కూడా హీటర్ పెంచి నెట్టుకురావచ్చు. అసలు గొడవ తేమతో. హీటర్‌లో ఒక పౌండు ప్రొపేన్ గ్యాస్ కాలితే పౌండున్నర పైగా నీటి ఆవిరి పుడుతుంది. మన ఊపిరి దానికి అదనం. ఒంటి పొర గుడ్డ చల్లగా ఉంటుంది కాబట్టి ఆ ఆవిరంతా పైకప్పుకి పట్టి, మెడ మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. హీటర్ ఆపగానే అదే పెచ్చులా గడ్డకట్టి, మడిచేటప్పుడు గుడ్డ ఫెళఫెళమంటుంది. రెండు పొరల మధ్య దళసరి పీచు పెట్టి కుట్టిన గుడ్డలో ఈ బాధ చాలా తక్కువ, బొత్తిగా ఉండదని కాదు.

హీటర్ లెక్క: పౌండు గ్యాస్ సిలిండర్‌లో సుమారు 21,600 బీటీయూ (వేడి కొలత) ఉంటుంది. గంటకి 4,000 మీద పెడితే 5 గంటలు పైన, 9,000 మీద పెడితే రెండున్నర గంటల లోపే. ఇన్సులేటెడ్ హబ్‌లో చిన్న మంట సరిపోతోంది, కోట్లు విప్పి కూర్చుంటున్నాం. మధ్యాహ్నం మొత్తానికి ఒక సిలిండర్, సంచిలో ఒకటి అదనం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. హీటర్‌కి ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ ఉంటుంది. అది కార్బన్ మోనాక్సైడ్ (సీవో) విషవాయువుని కొలిచేది కాదు. బ్యాటరీతో నడిచే సీవో అలారం వేరేగా పెట్టుకోవాలి. టెంట్ గోడకి పైన ఒకటి, కింద ఒకటి గాలి ఆడే వెంట్ తెరిచే ఉంచాలి. చలేస్తోందని అవి మూసేవాడితో నేను చేపలకి రాను.

టెంట్ అంచు చుట్టూ నేల మీద పరుచుకునే గుడ్డ ఉంటుంది. దాని మీద మంచు పోస్తే గాలి దూరదు. అయితే బెజ్జంలోంచి పొంగిన నీళ్ళు అక్కడికి చేరితే ఆ గుడ్డ లేక్‌కి అతుక్కుపోతుంది, లాగితే చిరుగుతుంది. ఆగర్ తీసిన చెమ్మ మంచుని ముందే బయటికి తోసేసి, పొడి మంచే పోస్తున్నాం. వెళ్ళడానికి అరగంట ముందు అంచు లేపేస్తే చాలు.

నాన్నగారికి భీమవరం ఫోన్ చేసి వీడియోలో బెజ్జం, రాడ్డు, సోనార్ మీద ఎర్ర గీతలు అన్నీ చూపించాను. చేపల చెరువుల మధ్య పెరిగిన మనిషి. "ఇంత సరంజామా చేసి రెండు చేపలా? వల వెయ్యనివ్వరా?" అన్నారు. వెయ్యనివ్వరు. ఐస్ మీద మనిషికి రెండు లైన్లే, పదహారేళ్ళు దాటినవాళ్ళకి లైసెన్స్ ఉండాలి. మడిచే టెంట్‌కి వేరే లైసెన్స్ అక్కర్లేదు గానీ, దాన్ని వదిలి 200 అడుగులు దాటి పోతే కావాలి. క్రాపీ అనే చేప పది వరకే ఇంటికి తేవచ్చు. బ్లూగిల్ అనే ఇంకో చేపకి కొన్ని లేకుల్లో పరిమితి ఇంకా తక్కువ, ఒడ్డున బోర్డు చదివి దిగాలి. క్రాపీ వేపుడుకి ముల్లు తక్కువ, మా వాడు మారాం చేయకుండా తింటాడు.

ఫిబ్రవరి

హబ్‌తో ఒకే ఇబ్బంది: జరగాలంటే బద్ధకం. యాంకర్లు పీకి, మడిచి, మళ్ళీ బిగించాలి. అందుకని ఇప్పుడు ముందు టెంట్ వేయడం మానేశాం. బయట ఓ పది బెజ్జాలు పెట్టి, ఒక్కోదాంట్లో సోనార్ ముంచి, చేప గీత కనపడిన రెండు మూడు బెజ్జాల మీద టెంట్ నిలబెడుతున్నాం. అడుగున గుడ్డ ఉండదు కాబట్టి ఎక్కడైనా నిలబెట్టొచ్చు.

ఇంటికి రాగానే లివింగ్ రూమ్‌లో పూర్తిగా విప్పి ఆరబెట్టాలి, లేకపోతే బూజు. జిప్పులకి సిలికాన్ స్ప్రే. ఊచల చివర్లు, హబ్ కీళ్ళు ఒకసారి తడిమి చూడాలి. చలికి పెళుసెక్కి విరిగేవి అవే. విడి ఊచ ఒకటి కొని సంచిలో పెట్టాను.

మా బావమరిది కూడా కొంటానంటున్నాడు. హబ్ బాగుందిగా, అదే తీసుకుంటానంటాడు. వాడికి పికప్ ఉంది, ఖాళీ గరాజ్ ఉంది, వారం మధ్యలో ఒక్కడే పోతాడు, ఒక బెజ్జం దగ్గర పావుగంట కుదురుగా ఉండడు. ఒకరు కూర్చునే ఫ్లిప్ ఓవర్ చూడమన్నాను. మార్చి చివర్లో దుకాణాలు సీజన్ సరుకు తగ్గించి అమ్ముతాయి, అప్పటిదాకా ఆగమన్నాను.