మీరెవరూ లేవక్కర్లేదు, నా డబ్బా లేస్తుంది!

మొన్న ఆదివారం రాత్రి గానీ నా టీవీ రికార్డర్ దారికి రాలేదు. పని మొదలుపెట్టి అప్పటికి ఏడు వారాలు. ఆరు వారాలు సరదాగానే గడిచాయి. ఈ గోలంతా మిగిలిన ఆ ఒక్క వారం గురించే.

మూలన ఒక పాత డెస్క్‌టాప్ పడి ఉంది. దానికి టీవీ ట్యూనర్ (ఛానళ్ల సిగ్నల్ అందుకునే పరికరం) తగిలించి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, కార్యక్రమాలను తనంతట తానే రికార్డ్ చేసుకునే యంత్రంగా మార్చాలనుకున్నాను. కొత్త ఆలోచనేం కాదు. 1999లో వచ్చిన టివో అనే టీవీ రికార్డర్ డబ్బాలో నడిచింది లినక్సే. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే ఆయన తన కేబుల్ డబ్బా నచ్చక మిత్‌టీవీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. నాకు నచ్చనిది మా బావ డబ్బా. రికార్డింగ్ సౌకర్యం ఉన్న సెట్‌టాప్ బాక్స్ కొని, వెనక పెన్‌డ్రైవ్ గుచ్చి, కలిసినప్పుడల్లా దాని గొప్పలు చెబుతుంటాడు. ఆయన కొన్నదాన్ని నేను సొంతంగా చేసి చూపించాలని పంతం. లోకంలో చాలా ప్రాజెక్టులు ఇలాగే మొదలవుతాయి, ఎవరూ ఒప్పుకోరు గానీ.

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం), మిత్‌టీవీ ఎక్కించడం ఒక సాయంత్రం పని. అందులో చెప్పుకోవడానికేం లేదు. బ్యాకెండ్ అనేది రికార్డ్ చేస్తుంది, ఫ్రంటెండ్ అనేది తెర మీద చూపిస్తుంది, రెండింటికీ మధ్య ఒక డేటాబేస్ ఉంటుంది. ఇంత తెలిస్తే చాలు. హార్డ్ డిస్క్ మాత్రం పెద్దది పెట్టుకోండి, హెచ్‌డీ ఛానల్ గంటకి నాలుగైదు జీబీలు సునాయాసంగా మింగేస్తుంది. రికార్డింగులకి వేరే పార్టిషన్ చేసి ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టాను. పెద్ద ఫైళ్లు చెరిపేటప్పుడు యంత్రం బిగుసుకుపోకుండా ఉంటుంది.

ట్యూనర్ దగ్గర మొదటి దెబ్బ తగిలింది. లినక్స్‌లో పనిచేస్తుందని రూఢి చేసుకున్న మోడలే తెప్పించాను. అట్ట మీద పేరు అదే, నంబరూ అదే. లోపల చిప్ మాత్రం వేరే. కంపెనీ వాళ్లు మోడల్ పేరు మార్చకుండా చిప్ మార్చేశారు, కొత్త చిప్‌కి డ్రైవర్ లేదు. అడిగితే, 'మేము విండోస్‌కి మాత్రమే సపోర్ట్ ఇస్తాం' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఇలాంటివి కొంటే అట్ట పారేయకండి. ముందు కంప్యూటర్‌కి గుచ్చి, ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొట్టి, అది చూపించే ఐడీ నంబరు డ్రైవర్ జాబితాలో ఉందో లేదో చూశాకే పారేయండి. చివరికి ఒక ఫ్రెండ్ దగ్గర వాడకుండా పడున్న పాత యూఎస్‌బీ ట్యూనర్ తెచ్చుకున్నాను. డిబ్ 0700 చిప్‌ది. కొత్తదాని కంటే ఈ పాతదే నయం.

యాంటెన్నా తీగని స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి ఒకటి టీవీకీ ఒకటి ట్యూనర్‌కీ ఇస్తే సగం ఛానళ్లు మాయమయ్యాయి. రెండుగా చీలిస్తే ఒక్కో కొమ్మకి సిగ్నల్ సగం కంటే తక్కువే వెళ్తుంది మరి. దానికి యాంప్లిఫయర్ పెడితే మిగిలిన సగమూ పోయాయి. సిగ్నల్ మరీ ఎక్కువైనా ట్యూనర్ తట్టుకోలేదు. రెండూ పీకేసి తీగ నేరుగా ట్యూనర్‌కే ఇచ్చాను, సమస్య తీరింది. టీవీ ఇప్పుడు ఈ డబ్బా ద్వారానే నడుస్తుంది. ఒక్క ట్యూనర్ సరిపోతుందా అని భయపడకండి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద వచ్చే ఛానళ్లన్నీ ఒకే ప్రవాహంలో కలిసి వస్తాయి కాబట్టి వాటిలో రెండు మూడింటిని ఒకేసారి రికార్డ్ చేసుకోవచ్చు. ఉచితంగా వచ్చే ఛానళ్ల మాటే ఇది. ఎన్‌క్రిప్ట్ చేసిన పే ఛానళ్లకి ఈ ట్యూనర్ ఒక్కటే చాలదు.

రిమోట్ ఒక రోజంతా ఏడిపించింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకునేది. మూడో ఛానల్ అంటే ముప్పై మూడుకి పోయేది. బ్యాటరీలు మార్చాను, బటన్లు తుడిచాను. అసలు సంగతేమిటంటే, ఈ మధ్య వచ్చే కెర్నెళ్లు (లినక్స్ గుండెకాయలు) రిమోట్‌ని నేరుగా కీబోర్డ్‌లా గుర్తించేస్తాయి. నేను పాత పద్ధతి చదివి లిర్క్ అనే రిమోట్ ప్రోగ్రామ్ కూడా ఎక్కించాను. ఒకే నొక్కుడిని ఇద్దరూ విని ఇద్దరూ చేరవేస్తున్నారు. లిర్క్ తీసేశాను, అంతే.

ఇక అసలు కథ.

రోజంతా డబ్బా వెలిగి ఉండటం నాకు ఇష్టం లేదు. పని లేనప్పుడు పడుకుని, రికార్డింగ్‌కి కాస్త ముందు తనే లేవాలి. మదర్‌బోర్డ్ మీద గడియారానికి అలారం పెట్టే సదుపాయం ఉంది. వేక్‌అలారమ్ అనే ఫైల్‌లో ఎప్పుడు లేవాలో సెకన్ల లెక్కలో రాస్తే చాలు. ముందు అందులో సున్నా రాసి పాత అలారం చెరపాలి, లేకపోతే కొత్తది తీసుకోదు. ఆ సున్నా సంగతి తెలియడానికి నాకు ఒక రాత్రి పట్టింది. తర్వాత వారం రోజులు స్లీప్‌లో పెట్టి పరీక్షించాను. ప్రతిసారీ టంచనుగా లేచింది, రికార్డ్ చేసింది, మళ్లీ పడుకుంది. ముచ్చటేసింది.

అప్పుడే మా మేనకోడలు స్కూల్ పిల్లల క్విజ్‌లో పాల్గొంది. ప్రసారం శనివారం ఉదయం ఆరింటికి. సెలవు రోజు అంత పొద్దున్నే ఎవరు లేస్తారు? అక్క అలారం పెట్టుకుంటానంటే నేనే ఆపాను. "మీరెవరూ లేవక్కర్లేదు, నా డబ్బా లేస్తుంది. పదింటికి అందరూ ఇక్కడికి వచ్చేయండి" అన్నాను. ఈ మాట తర్వాత నాకు చాలాసార్లు వినపడింది, నా గొంతులో కాదు.

శుక్రవారం రాత్రి బుద్ధి గడ్డి తిని, స్లీప్ ఎందుకు, ఇంకా పద్ధతిగా పూర్తిగా ఆఫ్ చేద్దాం అనుకున్నాను. స్లీప్‌లో ఒక చిన్న లైటు మినుకుమినుకుమంటుంటుంది, అది ఆరిపోతే బాగుంటుందని. సెట్టింగ్ మార్చి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే డబ్బా వెలిగే ఉంది. లేచింది కదా అనుకుని నిశ్చింతగా స్నానానికి వెళ్లాను.

పదింటికి అక్క, బావ, పిల్ల, అమ్మా నాన్న, నా భార్య, నేను. ఏడుగురం. కుర్చీలు జరిపించి, కర్టెన్ వేయించి, రిమోట్ ఎత్తి రికార్డింగుల జాబితా తెరిచాను. గురువారం పరీక్షకి రికార్డ్ చేసిన వాతావరణ వార్తలు ఉన్నాయి. బుధవారంవి ఉన్నాయి. మంగళవారంవి కూడా ఉన్నాయి. క్విజ్ లేదు. కిందకి వెళ్లాను, పైకి వచ్చాను, బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఏమైనా అంటే బాగుండేది. బ్యాకెండ్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లైవ్ టీవీ అద్దంలా వచ్చింది. "పనిచేస్తోందిగా!" అన్నాను. అక్క నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ల ముందే ఉంది.

అప్పుడు బావ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "ఎందుకైనా మంచిదని మా డబ్బాలో కూడా పెట్టానోయ్ ఇంజినీరూ."

దాన్ని నా కంప్యూటర్‌కి గుచ్చాను. ఫైల్ కనపడింది, ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోలేదు. ఆ సెట్‌టాప్ బాక్సులు చాలావరకు రికార్డింగ్‌ని తాళం వేసి దాస్తాయి, తాళంచెవి ఆ డబ్బాలోనే ఉంటుంది. వేరే టీవీలో ఆడదు, కంప్యూటర్‌లో ఆడదు, ఆ డబ్బా చెడిపోతే ఇక ఎక్కడా ఆడదు. మన పెన్‌డ్రైవ్‌లో మన పిల్ల బొమ్మ, చూడటానికి ఆ డబ్బా కంపెనీవాడి అనుమతి కావాలి! ఈ ఉపన్యాసం అప్పుడే ఇవ్వబోయాను. నా భార్య కాలు తొక్కింది. ఏడుగురం లేచి బావ వాళ్లింటికి వెళ్లి చూశాం. పిల్ల బాగానే చేసింది. నేను సరిగ్గా చూడలేదు, నా మనసంతా లాగ్ ఫైళ్ల (యంత్రం తను చేసిన పనులు రాసుకునే డైరీ) మీదే ఉంది.

ఆ తర్వాత నాలుగు రాత్రులు. గడియారం తప్పేమో అనుకున్నాను, కాదు, సమయానికే లేచింది. యూఎస్‌బీ పోర్ట్ మార్చాను. మార్చిన ప్రతిసారీ రీబూట్ చేసి చూస్తే రికార్డింగ్ భేషుగ్గా వచ్చేది. నేను పక్కన కూర్చుంటే ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున బడిపిల్లల్లా ఉండేది దాని వరస. ఒక రాత్రి దీపాలార్పి చాటుగా కూర్చుని కూడా చూశాను. నవ్వకండి, మూడో రాత్రికి ఎవరికైనా అలాంటి ఆలోచనలే వస్తాయి.

నాలుగో రాత్రి శనివారం ఉదయం లాగ్‌నీ, నా రీబూట్‌లలో ఒకదాని లాగ్‌నీ పక్కపక్కన తెరిచి వేలు పెట్టి వరసగా చదివాను. శనివారం లాగ్‌లో ఒక లైన్ ఎక్కువ ఉంది. ట్యూనర్ 'కోల్డ్ స్టేట్'లో దొరికింది, ఫర్మ్‌వేర్ ఎక్కిస్తున్నాను అని. ఆ పక్కన టైము 5:48:24. బ్యాకెండ్ మొదలై, ట్యూనర్ కోసం చూసి, లేదని రాసుకున్న టైము 5:48:21.

మూడు సెకన్లు!

ఈ రకం ట్యూనర్‌కి సొంతంగా ఏమీ గుర్తుండదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటరే దాని ఫర్మ్‌వేర్‌ని (అది నడవడానికి కావాల్సిన ప్రోగ్రామ్‌ని) దానిలోకి ఎక్కించాలి. ఎక్కాక అది ఒకసారి ఊడి మళ్లీ తగిలించినట్టుగా కొత్త అవతారంలో ప్రత్యక్షమవుతుంది. రీబూట్ చేస్తే యూఎస్‌బీకి సాధారణంగా కరెంటు పోదు, ఫర్మ్‌వేర్ దానిలో అలాగే ఉంటుంది, ట్యూనర్ తక్షణం సిద్ధం. స్లీప్ పరీక్షల్లో అయితే బ్యాకెండ్ అసలు ఆగనే లేదు. పూర్తిగా ఆఫ్ చేసింది ఆ శుక్రవారం రాత్రి ఒక్కసారే. బ్యాకెండ్ మొదలైనప్పుడు ఒకసారి ట్యూనర్‌ని చూస్తుంది, లేదంటే లేదనుకుంటుంది, నా సెటప్‌లో మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు. పక్కనే ట్యూనర్ తయారై కూర్చుంది. కార్యక్రమానికి ఇంకా పదకొండు నిమిషాలకు పైగా టైముంది. ఒకరి సంగతి ఒకరికి తెలియక ఇద్దరూ ఊరికే కూర్చున్నారు.

మందు రెండు ముక్కలు. ట్యూనర్ తయారైతే ఆ సంగతి సిస్టమ్‌డికి (సర్వీసులను మొదలుపెట్టేది) చేరవేయమని యూడెవ్‌కి (తగిలించిన పరికరాలను గుర్తించేది) ఒక రూల్. ఆ కబురు అందేదాకా మొదలవ్వొద్దని బ్యాకెండ్ సర్వీస్ ఫైల్‌లో ఇంకో లైన్. ఇవి కుదరకపోతే బ్యాకెండ్‌కి ముందు ముప్పై సెకన్లు ఆగమని పెట్టండి. తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తారు, పట్టించుకోకండి, మొదటి రోజు నేనూ అదే పెట్టాను. ఇంకోటి, పరీక్ష పెడితే ప్లగ్ పీకి, టీ తాగొచ్చి, మళ్లీ పెట్టి చూడండి. రీబూట్ పరీక్ష పరీక్షే కాదు.

క్విజ్ పునఃప్రసారం ఆదివారం రాత్రి పదకొండున్నరకి ఉందని గైడ్‌లో కనపడింది. ఎవరికీ చెప్పలేదు. పూర్తిగా ఆఫ్ చేసి, ప్లగ్ కూడా ఓ గంట పీకి పెట్టి, పడుకున్నట్టు నటించాను. పదకొండూ పద్దెనిమిదికి ఫ్యాను చప్పుడు వినపడింది. కార్యక్రమం ఏడు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, అయినా చివర పది నిమిషాలు అదనంగా పెట్టి ఉంచాను కాబట్టి ముక్క తెగలేదు. ఈ పది నిమిషాలు మీరూ పెట్టుకోండి, ఛానల్ వాళ్ల గడియారాన్ని నమ్మకండి.

సోమవారం మేనకోడలిని ఒక్కదాన్నే పిలిచి చూపించాను. ప్రకటనలని గుర్తుపట్టి దాటేసే సౌకర్యం మిత్‌టీవీలో ఉంది. నల్లటి ఫ్రేములు, మూలన ఛానల్ లోగో ఉందా లేదా, ఇలాంటివి చూసి అంచనా వేస్తుంది. అంచనానే, ఒక్కోసారి బోల్తా కొడుతుంది. మొదటి రౌండ్ అయింది, రెండో రౌండ్ అయింది, పిల్ల బజర్ మీద చెయ్యి పెట్టింది. లోగో లేకుండా తెర నిండా ప్రశ్న వేశారు. డబ్బా దాన్ని ప్రకటన అనుకుని, ప్రశ్ననీ పిల్ల జవాబునీ దాటేసి, తర్వాతి ప్రశ్నకి దూకింది. నాకు చెమటలు పట్టాయి. రిమోట్ తీసుకుని వెనక్కి వెళ్లబోతుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మామయ్యా, అదొక్కటే తప్పు చెప్పాను. అది బాగానే పనిచేస్తోంది, అలాగే ఉంచు."