అన్న ఎస్టీ, బామ్మర్ది బీసీ-ఏ: మా అమ్మాయి సర్టిఫికెట్ కథ

మా అమ్మాయి ఎస్టీ సర్టిఫికెట్ ఎట్టకేలకు చేతికొచ్చింది. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో అప్‌లోడ్ కూడా చేసేశాం. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. కొన్నాళ్లు పోతే నేను కూడా "పోనీలే, పని అయింది కదా" అనే రకమే.

మాది కర్ణాటక, చిత్రదుర్గ జిల్లా, మొలకాల్మూరు తాలూకా. కులం మ్యాసబేడ నాయక. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పెళ్లయ్యాక అనంతపురం జిల్లా సరిహద్దు మండలానికి వచ్చి బళ్లారి షాపులకు జీన్స్ జాబ్‌వర్క్ మొదలుపెట్టాను. రెండు మిషన్లతో మొదలైంది, ఇప్పుడు ఇరవై. చెప్పుకోకూడదు గానీ, ఈ చుట్టుపక్కల చెప్పిన తేదీకి సరుకిచ్చేది ఎవరని బళ్లారిలో ఎవరినడిగినా నా పేరే చెప్తారు. నా భార్య వాళ్లది ఇక్కడే. వాళ్లూ మ్యాస వాళ్లే, కాకపోతే ఇటు బోయ అంటారు. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు తాతల నాటి నుంచీ ఉన్నాయి. అదే దేవుడు, అవే కట్టుబాట్లు, అదే ఎర్రనేలలో అదే వేరుశనగ.

తేడా అంతా కాగితం మీదే. 1991లో కర్ణాటక ఎస్టీ జాబితాలో బేడ, బేడర్, వాల్మీకి, నాయక్ పేర్లు చేరాయి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆంధ్రలో వాల్మీకులు ఎస్టీలే, కానీ విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మాత్రమే. రాయలసీమలో బోయ అయినా వాల్మీకి అయినా బీసీ-ఏ. రజకులు, నాయీబ్రాహ్మణులు, వడ్డెరలు, బెస్తలు ఇంకా బోలెడు కులాలతో కలిసి ఏడు శాతం కోటాలో సర్దుకోవాలి.

దీనివల్ల ముప్పై ఏళ్లలో ఏమైందో లెక్కలు తియ్యనక్కర్లేదు, మా రెండిళ్లు చూస్తే చాలు. అటు మా అన్న. పొలంలో బోరు గంగా కల్యాణ పథకం కింద పడింది, పైసా అప్పు లేదు. వదిన ఎస్టీ మహిళ రిజర్వేషన్‌లో ఒక విడత పంచాయతీ అధ్యక్షురాలు. పెద్దకొడుకు హాస్టల్లో చదివి సర్కారు ఉద్యోగంలో చేరాడు. మొలకాల్మూరు అసెంబ్లీ సీటే ఎస్టీ రిజర్వుడు, పక్కనున్న బళ్లారి పార్లమెంటు సీటు కూడా 2009 నుంచి అంతే. ఓట్లప్పుడు ఎంత పెద్ద నాయకుడైనా మా వాళ్ల అరుగు మీద కూర్చోవాల్సిందే. ఎవడైనా నోరు జారి కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. ఇటు మా బామ్మర్ది. అన్నకెంత పొలముందో ఇతనికీ అంతే. రెండు బోర్లు వేయించాడు, రెండూ ఎండిపోయాయి, వడ్డీ మాత్రం ఎండలేదు. పెద్దోడు ఇంటర్‌తో ఆపేసి నా యూనిట్‌లో ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చున్నాడు. ఆంధ్రలో ఎస్టీ అసెంబ్లీ సీట్లు ఏడుంటే ఒక్కటీ సీమలో లేదు, పాలకొండ నుంచి పోలవరం దాకా అన్నీ అటువైపే.

అటంతా పాలూ తేనే అని కాదు. మా ఊళ్లోనే సగం ఇళ్లకు తాళాలేసి బెంగళూరు బిల్డింగ్ పనులకు పోయినవాళ్లున్నారు. వాళ్లకు బోర్లిచ్చే వాల్మీకి కార్పొరేషన్ డబ్బే అక్రమంగా దారి మళ్లిందని 2024లో బయటపడింది. అయినా మా అన్న కొడుక్కీ బామ్మర్ది కొడుక్కీ తెలివిలో తేడా ఉందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇద్దరికీ ఎక్కాలు నేర్పింది నేనే.

ఇక సర్టిఫికెట్ సంగతి. వలస వచ్చినవాళ్ల విషయంలో రూలు ఇది: తండ్రికి సొంత రాష్ట్రంలో ఎస్టీ పత్రం ఉంటే, దాన్ని ఆధారం చేసుకుని ఇప్పుడున్న రాష్ట్రంలో పిల్లలకు ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. అది ఈ రాష్ట్రం కోటాలో చెల్లదు, కేంద్రం వాటికి చెల్లుతుంది. జేఈఈ సీట్లలో ఎస్టీలకు ఏడున్నర శాతం కాబట్టి మా అమ్మాయికి అదే కావాలి. కేంద్రం ఫారంలో ఈ పని కోసమే రెండో పేరా ఒకటి ఉంది. "ఫలానా రాష్ట్రంలో ఫలానా అధికారి, ఫలానా తేదీన తండ్రికి ఇచ్చిన సర్టిఫికెట్ ఆధారంగా" అని ఖాళీలుంటాయి. వర్తించని పేరా కొట్టెయ్యమని కింద చిన్న అక్షరాల్లో రాసుంటుంది. ఈ రెండో పేరాను గుర్తుపెట్టుకోండి.

మొలకాల్మూరు వైపు పని నల్లేరు మీద నడక. నాడకచేరిలో, అంటే అక్కడి రెవెన్యూ ఆఫీసులో, నా పత్రం కొత్తగా తీసిచ్చారు. దాని మీద ఆర్‌డీ నంబర్ ఉంటుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో కొట్టి చూసుకోవచ్చు.

ఇటు వచ్చాక మొదలైంది. సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల ఎస్టీ అని నొక్కితే వచ్చిన జాబితాలో మా కులం లేదు. బీసీ-ఏ నొక్కితే వెంటనే వచ్చేసింది. "బీసీ-ఏ తీసుకోండంకుల్, రేపే ఇచ్చేస్తాం" అంది పాపం. బయట జిరాక్స్ షాపులో బ్రోకరొకడు అంతా విన్నాడు. ఎస్టీ జాబితాలో ఏజెన్సీ ప్రాంతాల నాయక్‌లు అని ఒక పేరుంది, మీరూ నాయకులే కదా, అది పెట్టేద్దాం, ఐదువేలు చాలు అన్నాడు. అది కొండల్లో ఉండేవాళ్ల పేరు. వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టాల్సిన ఖర్మ నాకు లేదు. పైగా 1993 కుల ధ్రువపత్రాల చట్టం కింద దొంగ సర్టిఫికెట్‌కు జైలుంది. వాడికి నాలుగు తగిలించి ఫైలు పట్టుకుని మండలాఫీసుకు పోయాను.

అక్కడ ఎంక్వైరీ ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, చేతికి పడింది. వయసులో నాకన్నా చాలా చిన్నోడు. ఎంక్వైరీ అంటే ఇంటికొస్తాడనుకున్నా. రాలేదు, నన్నే పిలిపించాడు. హాల్లో పట్టాదారు పాసు పుస్తకాల కోసం జనం నిండా ఉన్నారు, వాళ్ల మధ్యలో నిలబెట్టి అడిగాడు.

"ఏమన్నా, జీన్సులు కుట్టిస్తావంట. ఇరవై మిషన్లంట. నువ్వు గిరిజనుడెట్లయితావు?"

నా పత్రం చూపించాను. చూళ్లేదు. గిరిజన లక్షణాలు రాయాలంట, చెప్పమన్నాడు. మీ దేవుడెవరు, పెళ్లి ఎట్లా చేస్తారు, చచ్చిపోతే పూడుస్తారా కాలుస్తారా, వేటకు పోతారా. నేను ఒక్కొక్కటే చెప్తుంటే పక్కన బెంచీ మీదున్న ముసలాయన చెవులు రిక్కించి వింటున్నాడు. దేవర ఎద్దుల గురించి చెప్పాను. మాకు దేవుడి పేరు మీద వదిలిన మందలుంటాయి, వాటిని కాసేవాణ్ని కిలారి అంటారు, మా పెదనాన్న కిలారిగానే పోయాడు అని. అది రాసుకున్నాడు. అంతలో ఏం తింటారు అన్నాడు. అన్నీ తింటాం, కోడి మాత్రం ముట్టం, మ్యాస వాళ్లు ఇంట్లో కోళ్లు కూడా పెంచరు అన్నాను.

నవ్వు మొదలుపెట్టాడు. పక్క సీటాయన్ని పిలిచి, "సార్, కోడి తినని గిరిజనుడంట, చూడండి" అన్నాడు. హాలంతా నవ్వింది. నా యూనిట్‌లో పనిచేసే ఆడమనిషి ఒకామె పాసు పుస్తకం పని మీద వచ్చి అక్కడే ఉంది, తల దించుకుంది. మా అమ్మాయి నా పక్కనే ఉంది.

కోడి ముట్టకపోవడమే మ్యాస వాళ్ల గుర్తు. నిజంగా ఆచారాలు చూడాలనుకుంటే అంతకన్నా గట్టి రుజువు దొరకదు. అదే రాసుకోకుండా నవ్వాడు. చివర్లో "దరఖాస్తుదారుడు ఆధునిక జీవనం గడుపుతున్నాడు, గిరిజన లక్షణాలు కనిపించలేదు" అని రాసి ఫైలు మూసేశాడు.

ఆ రాత్రి తిండి సయించలేదు. ఈ లక్షణాల గోల ఎక్కడిదో తెలుసుకుందామని బళ్లారిలో మా వాళ్లబ్బాయి, కుర్ర లాయరు, అతని దగ్గరికి పోయాను. 1965లో లోకూర్ కమిటీ ఐదు గుర్తులు పెట్టిందట: ఆదిమ లక్షణాలు, ప్రత్యేకమైన సంస్కృతి, విసిరేసినట్టుండే నివాసం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనుకబాటు. ఒక కులాన్ని కొత్తగా జాబితాలో చేర్చాలా వద్దా అని ఢిల్లీలో చూసేటప్పుడు వాడే కొలతలవి. జాబితాలో ముందే ఉన్నవాడిని హాల్లో నిలబెట్టి కొలవడానికి కాదు. ఆచారాలు అడిగి తేల్చే పద్ధతి 1994లో సుప్రీంకోర్టు మాధురీ పాటిల్ తీర్పులో ఉంది నిజమే, అది దొంగ సర్టిఫికెట్లు పట్టుకునే స్క్రూటినీ కమిటీలకు. అదొక్కటే గీటురాయి కాదు, పాత కాగితాలకే బరువెక్కువ అని 2023 మార్చిలో అదే కోర్టు మళ్లీ చెప్పింది. ఇదంతా విన్నాక నాకు నవ్వొచ్చింది. ఐదు గుర్తుల్లో ఒకటి మాత్రం ఆ ఆఫీసు పుణ్యమా అని నాకు కొత్తగా వచ్చింది: బయటివాళ్లతో కలవడానికి బిడియం.

చదువుకున్నవాళ్లకు ఒక మాట. ఎస్టీ అంటే గోచీ పెట్టుకుని ఆకులు కట్టుకుని ఉండాలని మీ బుర్రలో ఉంటే అది మీ జబ్బు. జాబితా పెట్టిందే మనిషి పైకి రావాలని. పైకొచ్చాక "నువ్వు పైకొచ్చావు కాబట్టి ఎస్టీవి కావు" అంటే ఆ జాబితా దేనికి?

లాయరబ్బాయి అర పేజీ అర్జీ రాసిచ్చాడు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ఇదివరకు స్పందన అనేవాళ్లు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్, అక్కడ ఇచ్చాను. టేబుల్ దగ్గరున్న మేడమ్ ఫారం తిప్పి రెండో పేరా చదివారు. "ఇది ఉంది కదా, మళ్లీ లక్షణాలెందుకు?" అని నన్నే అడిగారు. నేనేం చెప్తాను! తండ్రి పత్రం అసలుదో కాదో మొలకాల్మూరు తహసీల్దారుతో ధ్రువీకరించుకుని ఇవ్వండి అని ఎండార్స్‌మెంట్ రాశారు. ఆర్‌డీ నంబర్ ఉంది కాబట్టి అటు నుంచి జవాబు తొందరగానే వచ్చింది. తహసీల్దారు సంతకమూ అయింది. ఆర్‌ఐ నన్ను చూసి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించాడు.

ఇదే పని మీద తిరిగేవాళ్లుంటే, ఫారం మీరే ప్రింట్ తీసి పట్టుకుపోండి. ఆఫీసులో ఇచ్చేదాంట్లో రెండో పేరా ముందే కొట్టేసి ఉండొచ్చు, నాకిచ్చినది అట్లాగే ఉంది. తండ్రి పత్రం ఆర్‌డీ నంబర్ ఉన్నదే కావాలి, చేత్తో రాసిన పాతది పెడితే ఉత్తరాలు తిరగడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. జిరాక్స్ షాపుల్లో గట్టిగా మాట్లాడకండి. ఇంకొకటి, ఒకే పిల్ల ఒకచోట ఎస్టీ, ఇంకోచోట బీసీ-ఏ అని రాయించుకోవద్దని లాయరబ్బాయి గట్టిగా చెప్పాడు. అందుకే ఈఏపీసెట్‌లో మా అమ్మాయికి ఓసీ అని పెట్టాం. ఏడు శాతం వదులుకున్నట్టే. నా భార్య ఇంకా గొణుగుతోంది.

మా బామ్మర్దికి ఈ రెండో పేరా పనికిరాదు. వాళ్ల నాన్న పుట్టింది, పోయింది ఇటే. వాళ్లకు దారి జాబితాలో చేర్చడమొక్కటే. 2017 డిసెంబరులో అసెంబ్లీ సరేనంది, 2023 మార్చిలో ఇంకో ప్రభుత్వం మళ్లీ తీర్మానం చేసింది. అది రిజిస్ట్రార్ జనరల్, ఎస్టీ కమిషన్ ఒప్పుకుని పార్లమెంటులో చట్టమైతే తప్ప కదలదు. సంఘం నాయకులు మాత్రం ప్రతి ఎన్నికలకూ "వచ్చేసినట్టే" అని చందా వసూలు చేస్తారు. ఇవ్వకండి, ఆ డబ్బుతో పిల్లలకు కోచింగ్ ఇప్పించుకోండి. 2023లో ఈ తీర్మానం వద్దని ఏజెన్సీలో గిరిజనులు బంద్‌లు చేసినప్పుడు మా వాళ్లంతా వాళ్లను తిట్టారు. నేను తిట్టలేదు. ఆంధ్రలో ఎస్టీలకున్న ఆరు శాతంలోకి సీమ జనం అంతా దిగుతారంటే ఎవరికైనా భయమే. కోటా పెంచకుండా కులాలను చేర్చేవాణ్ని తిట్టాలి. కర్ణాటకలో 2022లో ఎస్టీ కోటా మూడు నుంచి ఏడు శాతానికి పెంచారు కదా.

మా చిన్నోడు పదో తరగతికొచ్చాడు. రెండేళ్లలో వాడికీ ఇదే సర్టిఫికెట్ కావాలి. అక్కకు వచ్చింది కాబట్టి తమ్ముడికి సులువే అంటున్నారంతా. మేడమ్ రాసిన ఎండార్స్‌మెంట్ కాపీలు బీరువాలో ఒక కట్ట పెట్టుకున్నాను.