నాగులేటికి పోని మా ఇంటి కొణతం

పిడుగురాళ్లలో ఆటో ఎక్కేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. రాత్రంతా బస్సులో నిద్ర లేదు. మొహం కడుక్కుని, బట్టలు మార్చుకోవడానికి రెండు గంటలు గది అడిగితే లాడ్జీలో రోజంతటి అద్దె 1500 వసూలు చేశారు. కారెంపూడికి మామూలు రోజుల్లో 40 తీసుకునే షేర్ ఆటో అతను వీరుల తిరునాళ్ల కదా అని 100 అన్నాడు. ఎవరూ బేరమాడలేదు. నేనూ ఆడలేదు.

ఆటో నిండి కదలబోతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో నా భుజమంత ఎత్తున్న పొడవాటి మూట. పసుపు రాసిన గుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది.

"పైన కట్టేద్దాం పెద్దాయనా, లోపల పట్టదు" అన్నాడు ఆటో అతను.

"పైన కట్టేదానికి ఇదేమన్నా సామానా? కొణతం." కొణతం అంటే పల్నాటి యుద్ధంలో పడ్డ వీరుడి గుర్తుగా ఇంట్లో కొలుచుకునే ఆయుధం.

"అట్టయితే దానిక్కూడా సీటు డబ్బులియ్యాల."

గొడవ అవుతుందనుకున్నాను. పెద్దాయన మారుమాట్లాడకుండా రొంటిన ఉన్న చిన్న సంచీ విప్పి రెండు వంద నోట్లు తీశాడు. "నాకొకటి, ఆయనకొకటి" అని అతని చేతిలో పెట్టి, నా పక్కన కూర్చుని, మూటను మా ఇద్దరి మధ్య నిలబెట్టాడు. ఎదురుగా కూర్చున్నావిడ మోకాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. తర్వాత వేలితో ఆ గుడ్డను తాకి కళ్లకద్దుకుంది. ఆటో అతను నోట్లను కాసేపు చేతిలోనే పట్టుకుని, ఒకటి వెనక్కి ఇవ్వబోయాడు. పెద్దాయన తీసుకోలేదు. "ఆయన ఊరికే ఎక్కడు" అన్నాడు.

అప్పటిదాకా ఉన్న చిరాకు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. దారిలో సున్నపు బట్టీల పొగ, ఆ తర్వాత పత్తి చేలు, మిరప తోటలు, పొలాల గట్ల మీద నిలబెట్టిన నాపరాళ్లు. నేను మాత్రం ఆ మూటనే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే అలాంటిది మా ఇంట్లోనూ ఉండేది.

మాది ఖమ్మం వైపు పల్లె. కుమ్మరోళ్లం. నాయనమ్మ దేవుడి గూటి పక్కన, గోడకు ఆనించి ఒక ఇనుప ముక్క ఉండేది. తుప్పు పట్టి, అంచులు తినేసి, కత్తో బల్లెమో పోల్చుకోలేనట్టుండేది. కార్తీక అమావాస్యకి నాయనమ్మ దాన్ని చింతపండుతో తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టేది. ఆ రోజు ఇంట్లో ఎవరూ పొద్దున్నే తినకూడదు. ఇదేంటి నాయనమ్మా అంటే ఒకటే మాట, "మన పెద్దోడు పల్నాట పడ్డాడు." ఎవరా పెద్దోడు, ఎప్పుడు పడ్డాడు, ఎవరి తరఫున పడ్డాడు, ఏదీ ఆమెకు తెలియదు. తాత ఉన్నప్పుడు దాన్ని బండిలో పెట్టుకుని కృష్ణ దాటి తీసుకెళ్లేవాడట. తాత పోయాక అది ఇల్లు కదల్లేదు. నాయనమ్మ పోయాక తోమేవాళ్లు కూడా లేరు.

సుమారు 1182లో జరిగిన పల్నాటి యుద్ధం అది. ఒకే తండ్రి బిడ్డలు నాగమ్మ అండతో గురజాలలో నలగామరాజుగా, బ్రహ్మనాయుడి అండతో మాచర్లలో మలిదేవుడుగా చీలిపోయి, ఒకే సీమ జనం రెండుగా నిలబడి కొట్టుకున్నారు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు మండాదికి వలసపోవడం, అలరాజు రాయబారం, ఇవన్నీ మనకు తెలిసిన కథే. నాకు కావలసింది కథ కాదు. నాయనమ్మ చెప్పిన ఆ ఒక్కడు. అతనికో పేరుంటే చాలనుకుని బయల్దేరాను.

"మీదీ ఆచారమేనా అబ్బాయ్?" అని పెద్దాయన అడిగాడు.

"ఉండేదంట."

"ఎవరి కొణతం?"

చెప్పలేకపోయాను. నాయనమ్మ మాట ఒక్కటే చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయనది నల్లగొండ జిల్లా. తండ్రి, తాత నడిచి వచ్చేవాళ్లట. "మా అయ్య మిర్యాలగూడెం మీదుగా నాలుగు రోజులు నడిచేవాడు. భుజం మారేటప్పుడు కూడా నేల మీద పెట్టేవాడు కాదు" అన్నాడు. తన వీరుడి పేరు చెప్పేటప్పుడు, పక్కవీధిలో ఉండే పెద్దమనిషి గురించి చెబుతున్నట్టు 'వారు' అన్నాడు.

నాకు చాలా రోజులుగా ఉన్న అనుమానం అడిగేశాను. "అందరూ బ్రహ్మనాయుడి వైపే అంటారు కదా. మా పెద్దోడు నాగమ్మ వైపు నిలబడి ఉంటే?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఆటో ఒక మలుపు తిరిగింది, కొణతం నా భుజం మీదికి వాలింది, ఇద్దరం ఒకేసారి పట్టుకున్నాం. అప్పుడన్నాడు, "ఉంటే ఉండొచ్చు. ఆళ్లకీ తల్లులుండారు గదా."

తిరునాళ్ల మొత్తం ఐదు రోజులు, రోజుకో పేరు. కార్తీక అమావాస్య నాడు రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు, చివరికి వీరులు ఒరిగే కల్లిపాడు. నాకు సెలవు దొరికింది మూడో రోజుకే. కాబట్టి నేను చూసింది మందపోరు ఒక్కటే. కారెంపూడి పక్కన పారే నాగులేటి గట్టు దిగుతుంటే ముందుగా కనిపించింది ప్లాస్టిక్ గ్లాసుల కుప్ప, బాధేసింది. అయినా గంగధారి మడుగు దగ్గర కొణతాలు ఒక్కొక్కటీ నీళ్లలో మునిగి లేస్తుంటే మిగతావేవీ కంటికి ఆనలేదు. పక్కనే పెద్దాయన తన మూట విప్పాడు. లోపలి ఇనుము నాయనమ్మ గూటి పక్కనున్నదాని లాగే ఉంది. అదే తుప్పు, అదే తినేసిన అంచు. ఆయన దోసిట్లో నీళ్లు తీసుకుని, పసిపిల్లకు తలంటినట్టు పోశాడు.

వీరుల గుడిలో 66 మంది వీరులకు లింగాలున్నాయి. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. జనం తోసుకుంటున్నారు, ఎవరి కులపెద్ద దగ్గర వాళ్లు మొక్కుకుని పోతున్నారు. నాకే ఎక్కడ చేతులు జోడించాలో తెలియలేదు. అందరికీ కలిపి ఒకసారి జోడించి బయటికి వచ్చేశాను.

బయట ఒక వీరవిద్యావంతుడు, అంటే పల్నాటి వీరుల కథ పాడే గాయకుడు, కథ చెబుతున్నాడు. చేతిలో కత్తి, డాలు, వెనక పంబజోడు మోత, తిత్తి శ్రుతి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి వెళ్లే ఘట్టం. అతను తమ్ముళ్లుగా చూసుకున్న, అతని వెంట నడిచిన వేర్వేరు కులాల వాళ్లను ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. బ్రాహ్మడైన అనపోతు, కంసాలి, చాకలి, మంగలి. కుమ్మరి అనగానే నా గుండె గట్టిగా కొట్టుకుంది. దొరికాడనిపించింది. కథ ఆగాక వెళ్లి, మా ఇంటి సంగతి చెప్పి, ఆ కుమ్మరి వీరుడు మావాడే అయ్యుంటాడా అని అడిగాను. ఔనంటే నాకు సంతోషమని అతనికి తెలుసు. అయినా ఔననలేదు.

"పేరున్నోళ్లు అరవై ఆరుగురే అయ్యా. పడినోళ్లు ఎంతమందో. మీ పెద్దోడు ఈయనే అని నేనెట్ట చెప్తా? పాట్లో ఉన్నోడిని మీ ఇంట్లో కలిపితే పాట తప్పవుద్ది."

ఆ మాటకు అతని మీద గౌరవం పెరిగింది. కానీ చాలా నిరాశగా కూడా అనిపించింది. ఇంత దూరం వచ్చి ఖాళీ చేతులతో పోవడమేనా అనుకుంటూ నీడ కోసం వెతుక్కుంటుంటే పెద్దాయన చెయ్యి పట్టుకుని చాపకూటికి లాక్కెళ్లాడు.

చాపకూడు అంటే పుస్తకాల్లో చదివిందే. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని, మాల కన్నమదాసుకి సేనానాయకత్వం ఇచ్చాడని. పరీక్షకు రాసి మర్చిపోయాం. అక్కడ పొడవుగా పరిచిన చాపల మీద కూర్చున్నాక ఒక పక్క పెద్దాయన, ఇంకో పక్క ఇందాకటి వీరవిద్యావంతుడు. ఈ కథను తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన ఆ వీరవిద్యావంతులు మాలలు. అతను నా ముందున్న అన్నం వైపు చూసి, "కూర తక్కువేశారు, ఇదిగో" అని తన ముందున్న దాంట్లోంచి ఇటు జరిపాడు.

ముద్ద గొంతులో ఆగిపోయింది. మా ఇంటి అరుగు మీద దూలం సందులో ఒక సత్తు గ్లాసు ఉండేది. మాలపల్లె నుంచి పనికి వచ్చినవాళ్లకు నాయనమ్మ పైనుంచి అందులో మంచినీళ్లు పోసేది. వాళ్లే కడిగి అక్కడే పెట్టాలి. పిల్లలం ముట్టుకుంటే తిట్టేది. ఆ అరుగుకీ, ఇనుప ముక్క ఉన్న గదికీ మధ్య ఒక్క గుమ్మం. నాయనమ్మ చెడ్డ మనిషి కాదు, నన్ను పెంచింది ఆమే. పల్నాట పడినవాడి కోసం ఏటా పస్తుండేది. అతను ఏ వైపు నిలబడ్డాడో తెలియదు గానీ, ఈ వైపువాడే అయితే, పోరుకు వెళ్లేముందు ఇలాంటి చాప మీదే ఎవరి పక్కనో కూర్చుని తిని ఉంటాడు. ఆ సంగతి మా ఇంటిదాకా రాలేదు. ఇనుము ఒక్కటే వచ్చింది.

అన్నమంతా తిన్నాను. పక్కన కూర్చున్న అతనికి ఆ గ్లాసు సంగతి చెబుదామనుకుని చెప్పలేకపోయాను.

వెళ్లేటప్పుడు పెద్దాయన అడిగాడు, "ఇంతకీ మీ కొణతం ఇప్పుడేడుంది?"

"తెలియదు తాతా. పాత ఇల్లు పడగొట్టినప్పుడు పోయింది."

"ఇనుము ఏడికి పోద్ది? ఏడో పండుకునుంటది. కనుక్కో."

సాయంత్రం తిరుగు బస్సు వాడపల్లి వంతెన మీదికి వచ్చినప్పుడు పెదనాన్నకు ఫోన్ చేశాను. కారెంపూడి వెళ్లానని చెబితే కాసేపు మాట్లాడలేదు. ఆ ఇనుము ఏం చేశారు పెదనాన్నా అని అడిగాను. పాత సామాన్ల వాడికి అమ్మేశామంటాడనే అనుకున్నాను.

"అమ్మబుద్ధి కాలేదురా. ఇంట్లో పెట్టుకుంటే నియమం చెయ్యాలె, చేసేటోళ్లు లేరు. పెరట్ల బావి పూడుస్తుంటే, గుడ్డ చుట్టి దాంట్ల పెట్టినం."

"బావి ఎక్కడుండేది? జామచెట్టు దగ్గరేనా?"

"జామచెట్టుకు ఇవతల. ఇప్పుడు పశువుల కొట్టం ఉంది చూడు, దాని మూలన. ఎందుకురా?"

బావి ఎంత లోతుండేదో అడిగాను.