జులై 20న ఖాతాలో ఎంత ఉంటుంది?

ఖమ్మంలో మాదొక చిన్న కుట్టు యూనిట్. ఆరు మిషన్లు, ఒక కటింగ్ మాస్టరు, పనంతా బడి యూనిఫాంలే. ఏడాది లెక్క చూస్తే లాభమే. అయినా నిరుడు జులైలో రెండు శనివారాలు కూలి ఆపవలసి వచ్చింది. వారం కూలితో బియ్యం కొనుక్కునేవాళ్లతో "వచ్చే వారం ఇస్తాను" అని చెప్పిన ఆ సాయంత్రం ఇప్పటికీ నన్ను వదలలేదు.

తప్పు, ఎప్పుడు ఎంత డబ్బు వస్తుందో, ఎంత పోతుందో ముందుగా అంచనా వేసి రాసుకునే నా పట్టికలో ఉంది. బిల్లు రాసింది జూన్‌లో కాబట్టి డబ్బు కూడా జూన్ గడిలోనే వేసుకున్నాను. ఈ ఏడాది ముందుగా పాత రసీదు పుస్తకాలు తీసి, ఏ బడి ఎన్నాళ్లకు చెల్లించిందో లెక్కగట్టాను. ఒకటి 38 రోజులు, ఇంకొకటి 45, అన్నిటికంటే పెద్దది 70. మాలాంటి చిన్న తయారీదారులకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం చెబుతోంది. రావలసిన రోజు వేరు, వచ్చే రోజు వేరు. పెద్ద బడికి 70 రోజులే వేశాను.

మే 1న బ్యాంకులో 3,20,000 రూపాయలు. అక్కడినుంచి బడుల అడ్వాన్సులు కలుపుతూ, తానుల ఖర్చు, కూలి, అద్దె, కరెంటు తీసేస్తూ వారం వారం దిగాను. జూన్ ఆఖరుకు నిల్వ సున్నా. జులై 20 లోపు జీఎస్టీ కట్టాలి. జూన్‌లో బిల్లు చేసిన సరుకుకు బడి డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా పన్ను ఆగదు. గుడ్డమీద ముందే కట్టినది మినహాయించుకున్నా 23,000 తేలింది. ఆ వారం గడిలో నిల్వ మైనస్ 63,000! ఆగస్టు ఆఖరి గడి మాత్రం నిండుగా ఉంది. అందుకే ఇప్పుడు పట్టిక పూర్తి కాగానే నా కళ్లు అన్నిటికంటే తక్కువ నిల్వ ఉన్న వారాన్ని వెతుకుతాయి.

మే మొదటి వారంలోనే గుడ్డల వ్యాపారి దగ్గరకు పట్టిక తీసుకెళ్లాను. జులైలో ఇవ్వవలసిన 80,000 ఆగస్టు చివర ఇస్తానని అడిగితే ఒప్పుకున్నాడు. నిరుడు గడువు రోజున అడిగితే కాదన్న మనిషే.

ఇక ప్రతి శనివారం కూలి ఇచ్చాక, అంచనా పక్కన అసలు అంకె రాస్తున్నాను. జులై 20 రాత్రి పట్టిక ప్రకారం 17,000 ఉండాలి. ఖాతాలో 11,400 ఉంది. వెతికితే, దారానికీ గుండీలకూ నేను వరుసే వేయలేదని తేలింది.