డిఫెన్స్ ఆడే పిల్లల్ని గోల్స్‌తో కొలవకండి

వీడియో కాల్‌లో తాతయ్య ముందుగా అడిగేది ఒక్కటే: "ఇవాళ ఎన్ని గోల్స్ కొట్టావురా?" కెనడాలోనో అమెరికాలోనో ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడే పిల్లాడి దగ్గర దీనికి ఎక్కువ రోజులు జవాబు సున్నానే. ఆ సున్నా విని పెద్దవాళ్ళ మొహం చిన్నబోతే పిల్లాడు కనిపెడతాడు. మరుసటి మ్యాచ్‌లో తన చోటు వదిలి ముందుకు ఉరుకుతాడు, అలా ఖాళీ అయిన చోటునుంచే అవతలివాళ్ళు గోల్ కొడతారు. మన ఇళ్ళలోని మార్కులు, ర్యాంకుల అలవాటు ఈ పొజిషన్‌కి చాలా చెరుపు చేస్తుంది.

తాతయ్యకి కబడ్డీతో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. కూతకొచ్చినవాడి మీదకి ముందే దూకినవాడు దొరికిపోతాడు. దూరం కాచుకుని, వాణ్ణి మూలకి నెట్టి, అప్పుడు పట్టేవాడే డిఫెండర్. ఐస్ మీదా అంతే. పక్‌తో (ఆడే రబ్బరు బిళ్ళతో) దూసుకొచ్చేవాడికి డిఫెండర్ తన వైపు హద్దు గీత బ్లూ లైన్ దగ్గర ఒక స్టిక్ పొడవు దూరంలో ఉండాలి, వెనక్కి స్కేటింగ్ చేస్తూ. చూపు పక్ మీద కాదు, ఎదుటివాడి ఛాతీ మీద. చేతులు, తల మోసం చేస్తాయి, ఛాతీ ఎటు తిరిగితే మనిషి అటే వెళ్తాడు. స్టిక్ బ్లేడు ఐస్‌కి ఆనించి మధ్యదారి మూసేస్తే వాడు బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) వైపే పోవాల్సి వస్తుంది.

పిల్లలు ఇక్కడే తప్పుతారు. పక్ కోసం స్టిక్ చాపగానే కాళ్ళు ఆగిపోతాయి, బరువు ముందుకి పడుతుంది, ఎదుటివాడు పక్కనుంచి జారిపోతాడు. మరికొందరు భయంతో గోలీ (గోల్ కీపర్) దాకా వెనక్కి పోతారు. కోచ్ దాన్ని ధైర్యం లేకపోవడం అంటాడేమోగానీ, చాలాసార్లు అసలు కారణం వెనక్కి స్కేటింగ్‌లో వేగం చాలకపోవడమే. ఒక వైపుకి తిరగడం బాగా వచ్చి, రెండో వైపుకి తడబడే పిల్లలు చాలామంది. పబ్లిక్ స్కేటింగ్ గంటల్లో ఆ రాని వైపుకే రెట్టింపు సార్లు తిప్పించండి.

స్టిక్ కొనేటప్పుడు మన పిల్లల విషయంలో ఒక సంగతి గమనించాలి. కుడిచేతి వాటం పిల్లలకి బలమైన చేయి పైన ఉండాలని చెప్పి షాపువాళ్ళు తరచుగా లెఫ్ట్ షాట్ స్టిక్ ఇస్తారు. కానీ ఇంట్లో క్రికెట్ బ్యాట్ పట్టి పెరిగిన పిల్లాడికి ఎడమ చేయి పైన, కుడి చేయి కింద పెట్టడం అలవాటై ఉంటుంది. హాకీలో అది రైట్ షాట్. బలవంతంగా మార్చకండి. రైట్ షాట్ డిఫెన్స్ ఆటగాళ్ళకి పై స్థాయిల్లో ఎప్పుడూ కొరతే, జట్లు వాళ్ళ కోసం వెతుక్కుంటాయి.

స్కేట్స్ వేసుకుని నిలబడితే స్టిక్ గడ్డం దాకా రావాలి. డిఫెన్స్‌కి ఒకటి రెండు అంగుళాలు ఎక్కువున్నా ఫర్వాలేదు. స్టిక్ ఎంత గట్టిదో చెప్పే ఫ్లెక్స్ సంఖ్య పిల్లాడి బరువులో, పౌండ్లలో, సుమారు సగం. "ఎదిగే పిల్లాడు కదా" అని పెద్ద స్కేట్స్ కొనడం మాత్రం వద్దే వద్దు. లోపల పాదం కదిలితే చీలమండ వంగిపోతుంది, తిరగడం రాదు. మామూలు బూట్ల సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువే సరిపోతుంది. కొత్త స్కేట్స్‌కి పదును పెట్టించాకే ఐస్ ఎక్కించండి. హాలో, అంటే బ్లేడు అడుగున తీసే గాడి వంపు, ఎంత కావాలని అడిగితే అర అంగుళంతో మొదలుపెట్టండి.

డిఫెన్స్‌లో పెద్ద ప్రమాదం బోర్డుల దగ్గర పక్ తీసుకునేటప్పుడు. వెళ్ళేముందు భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూడాలి, నేరుగా కాకుండా ఏటవాలుగా వెళ్ళాలి. బోర్డుకి మూడు నాలుగు అడుగుల దూరంలో వీపు చూపిస్తూ ఆగిపోకూడదు. అక్కడ దెబ్బ తగిలితే తల నేరుగా బోర్డుకి కొట్టుకుంటుంది. తల వంచి గుద్దుకుంటే మెడ ఎముకలకే ముప్పు, అందుకే తల ఎప్పుడూ పైకే. ఒంటితో ఢీకొట్టడం కెనడాలో యూ15 (15 ఏళ్ళలోపు) విభాగంలో, అమెరికాలో 14యూ (14 ఏళ్ళ దాకా) విభాగంలో మొదలవుతుంది. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజుకి ఆట ముగిసినట్టే. డాక్టర్ చూడాలి, ముందు బడి, ఆ తర్వాతే ఐస్.

శనివారం పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్ళే కారే మనకి మంచి తెలుగు తరగతి. రింక్ పార్కింగ్ దాకా తెలుగే అని పెట్టుకుంటే వారానికి రెండు మూడు గంటల మాట దొరుకుతుంది. ఆదివారం తెలుగు బడికి టోర్నమెంట్లు అడ్డొస్తాయి. సెప్టెంబర్‌లో షెడ్యూల్ రాగానే టీచర్‌కి చెప్పి ఉంచండి. తిరిగొచ్చేటప్పుడు ఆట గురించి పాఠం చెప్పకండి. అడగాలనిపిస్తే "పక్ దొరికాక ఎన్నిసార్లు నీ మొదటి పాస్ మనవాడికే చేరింది?" అని అడగండి. డిఫెన్స్‌ని కొలిచే లెక్క అదే. మ్యాచ్‌కి మూడు గంటల ముందు అన్నం, పప్పు, పెరుగు ఏ పాస్తాకీ తీసిపోవు. వేపుడు మాత్రం మ్యాచ్ అయ్యాకే.

ఈ పొజిషన్ ఆలస్యంగా పండుతుంది. స్వీడన్‌కి చెందిన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ని 1989లో ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేచోట, డెట్రాయిట్ జట్టు 53వ ఎంపికగా తీసుకుంది. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ మొదటిసారి అందేసరికి అతనికి 31 ఏళ్ళు. మొత్తం ఏడు గెలిచాడు, ఆఖరిది 41 ఏళ్ళప్పుడు. టొరంటోలో పుట్టిన మార్క్ జోర్డానోని ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యలేదు. 2019లో, 35వ ఏట, నోరిస్ అతనికే వచ్చింది. జమైకా నుంచి వలసొచ్చిన తండ్రి రాత్రిపూట టొరంటో నేథన్ ఫిలిప్స్ స్క్వేర్‌లో స్కేటింగ్ చేయించి పెంచిన పీకే సుబ్బన్‌కి 2013లో దక్కింది. పన్నెండేళ్ళకి పై స్థాయి ఏఏఏ జట్టులో చోటు రాలేదని దిగులు పడకండి.

ఎక్కేమెట్లు మాత్రం ఇరుకే. ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు మ్యాచ్‌కి ఇరవై మందిని దింపితే అందులో డిఫెన్స్ మామూలుగా ఆరుగురే, మూడు జోడీలు. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, 32 జట్లు కలిపి 224 పేర్లు. పద్దెనిమిదేళ్ళవాడికిచ్చే మొదటి ఒప్పందం మూడేళ్ళు. కింది లీగ్‌కి పంపితే జీతం తగ్గుతుంది.

మన ఇంటికి అసలు పరీక్ష పదహారో ఏట వస్తుంది. కెనడాలో టీనేజర్ల పై స్థాయి అయిన మేజర్ జూనియర్ లీగ్‌కి ఎంపికైతే చాలాసార్లు వేరే ఊరు వెళ్ళి, బిల్లెట్ అనే ఆతిథ్య కుటుంబంతో ఉండాలి. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో దిగిన తరం మనది, ఆ బెంగ మనకి తెలుసు. తేడా ఏమిటంటే హాస్టల్లో చుట్టూ మనవాళ్ళుంటారు, ఇక్కడ ఇంట్లో భాష, వంట, పండగ అన్నీ వేరు. చేర్చేముందు ఆ కుటుంబంతో నేరుగా మాట్లాడండి. శాకాహారమైతే అదేమిటో పేర్లతో చెప్పండి, గుడ్డు తింటాడా లేదా కూడా. చదువు సంగతి రాతలో తీసుకోండి. పశ్చిమ కెనడా లీగ్ డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఒక సీజన్ ఆడితే ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల స్కాలర్‌షిప్ వస్తుంది. ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం పెడితే అది ఏమవుతుందో, ఎన్నాళ్ళలోపు వాడుకోవాలో చదివాకే ఒప్పుకోండి. ఈ లీగ్‌లలో ఆడినవాళ్ళకి ఇదివరకు అమెరికన్ యూనివర్సిటీ హాకీ తలుపులు మూసుకుపోయేవి, 2025 ఆగస్టు 1 నుంచి తెరుచుకున్నాయి. కాబట్టి పాత సలహాలు ఇప్పుడు పనికిరావు.

వెళ్ళే ముందు వేసవిలో పిల్లాడికి అన్నం వండటం, పప్పు ఉడికించి తాలింపు పెట్టడం నేర్పండి. చిన్న కుక్కర్ సామాన్లతోనే పంపండి. ఆతిథ్య కుటుంబానికి మాత్రం విజిల్ వస్తే కంగారు పడక్కర్లేదని, కానీ ఆవిరి పోయేదాకా మూత తీయకూడదని ముందే చెప్పాలి.