సీతమ్మ పేరు కోసం కంపైలర్‌ను మళ్లీ కట్టాను

తూకం చీటీలు ముద్రించే చిన్న యంత్రానికి ప్రోగ్రామ్ రాస్తున్నాను. రైతు పేరు తెలుగులోనే పడాలి. మొదటి పరీక్షలో ‘సీతమ్మ’ కాస్తా ‘సీతమ్’ అని తెగి, పక్కన ఖాళీ డబ్బా ఒకటి పడింది.

కారణం తేలిగ్గానే దొరికింది. పాత కోడ్ పేరును 16 బైట్ల దగ్గర కోసేస్తోంది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. స, గుడిదీర్ఘం, త, మ, పొల్లు, మ: ఆరు గుర్తులు, 18 బైట్లు. ఆఖరి ‘మ’కు ఒక్క బైటే మిగిలింది. మనిషి పేరు అలా తెగిపోవడం నాకు చాలా బాధనిపించింది.

ఒక్కో గుర్తును ఒకే సైజు గడిలో పెట్టే వైడ్ స్ట్రింగ్ వాడదామనుకున్నాను. లినక్స్‌లో ఒక్కో గడి 4 బైట్లు కాబట్టి గడికి ఒక గుర్తు నిండుగా పడుతుంది. నా ల్యాప్‌టాప్‌లో కోడ్ వెంటనే కంపైల్ అయింది. చిన్న యంత్రాలకు లినక్స్ కట్టిచ్చే బిల్డ్‌రూట్‌తో తయారుచేసుకున్న క్రాస్ కంపైలర్ (ల్యాప్‌టాప్‌లో నడుస్తూ వేరే యంత్రానికి ప్రోగ్రామ్ తయారుచేసేది) మాత్రం సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ‘స్టడ్’లో ‘డబ్ల్యుస్ట్రింగ్’, అంటే వైడ్ స్ట్రింగ్, అనేదే లేదంది. అందులోని సీ లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్‌లన్నీ వాడుకునే మూల ఫంక్షన్ల కట్ట, యూసీలిబ్‌సీ. చోటు కలిసొస్తుందని దాన్ని వైడ్ క్యారెక్టర్లు లేకుండా కట్టారు. మామూలు లినక్స్‌లో ఎక్కువగా వాడే గ్లిబ్‌సీ అయితే అవి ఎప్పుడూ ఉంటాయి.

బిల్డ్‌రూట్ సెట్టింగుల మెనూ అయిన మెనూకాన్ఫిగ్‌లో టూల్‌చెయిన్ (కంపైలర్, లైబ్రరీల కట్ట) కింద ‘డబ్ల్యుచార్’, అంటే వైడ్ క్యారెక్టర్, ఆప్షన్ ఆన్ చేసి, బిల్డ్ మొదలుపెట్టే మేక్ కమాండ్ కొట్టాను. ఏమీ మారలేదు. ఒకసారి కట్టిన ప్యాకేజీని బిల్డ్‌రూట్ తనంతట తాను మళ్లీ కట్టదు. సరే, యూసీలిబ్‌సీని ఒక్కదాన్నే మళ్లీ కట్టించాను. అప్పుడు సీ ప్రోగ్రామ్‌లో వైడ్ ఫంక్షన్లు పనిచేశాయి, సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం అదే ఎర్రర్. ఒక రోజంతా అక్కడే ఆగిపోయాను.

సాయంత్రం ఆ కంపైలర్ జీసీసీ కాన్ఫిగర్ లాగ్ తెరిచి చూస్తే, వైడ్ క్యారెక్టర్ల వరుసలో ‘నో’ అని ఉంది. అసలు సంగతి అప్పుడు అర్థమైంది. బిల్డ్‌రూట్ జీసీసీని రెండుసార్లు కడుతుంది: ముందు సీ లైబ్రరీని కట్టడానికి సరిపడా, ఆ తర్వాత పూర్తిగా. ఆ రెండో విడతలోనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ, సీ లైబ్రరీలో వైడ్ ఫంక్షన్లు ఉన్నాయా అని చూసి, జవాబును తన హెడర్ ఫైల్‌లో రాసేసుకుంటుంది. ఆ తర్వాత కింద ఏం మార్చినా దానికి తెలియదు.

కట్టినవన్నీ చెరిపేసే మేక్ క్లీన్ చేసి అంతా మొదటి నుంచి కట్టించాను. ఈసారి లాగ్‌లో ‘యెస్’ వచ్చింది, ఎర్రర్ పోయింది.

కానీ యూటీఎఫ్-8 నుంచి వైడ్‌కు మార్చే ఫంక్షన్ మైనస్ ఒకటి, అంటే ఎర్రర్, ఇచ్చింది. భాష, అక్షరాల పద్ధతి ఏదో చెప్పే లొకేల్ లేదు మరి. ఆ ఆప్షన్ కూడా ఆన్ చేసి, యూటీఎఫ్-8 లొకేల్‌ను యంత్రంలోకి ఎక్కించే ఇమేజ్‌లో చేర్చి, ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్‌లొకేల్ పిలిచాను. మళ్లీ క్లీన్, మళ్లీ పూర్తి బిల్డ్. లొకేల్ ఆప్షన్ పెడితే డబ్ల్యుచార్ తనంతట అదే ఆన్ అవుతుంది. మీరు ఈ పని చేయబోతుంటే ముందే లొకేల్ పెట్టుకోండి, ఒక బిల్డ్ మిగులుతుంది.

ఇప్పుడు 16 అంటే 16 గుర్తులు. అయినా పొల్లు తర్వాత కోస్తే ఒత్తు ఊడిపోతుంది, గుణింతం ముందు కోస్తే అక్షరమే మారిపోతుంది. అందుకని కోసే చోట పొల్లుగానీ గుణింతపు గుర్తుగానీ పడితే ఆ అక్షరం మొదటిదాకా వెనక్కి జరిగేలా రాశాను. నిన్న ముద్రించిన చీటీలో ‘సీతమ్మ’ మవత్తుతో సహా నిండుగా పడింది.