చీరలు తెప్పించి అమ్మితే వ్యాపారమేనా? బ్రిటన్‌లో పన్ను లెక్క, వీసా లెక్క

బ్రిటన్‌లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల అమ్మకాలు కనిపిస్తాయి. ఇండియా వెళ్లిపోతూ సోఫా, మంచం, మిక్సీ అమ్మేసుకునేవాళ్లు ఒక రకం. ఊరి నుంచి చీరలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు తెప్పించి ఫొటోలు పెట్టేవాళ్లు రెండో రకం. పన్ను చట్టం దగ్గరకి వచ్చేసరికి ఈ రెండింటికీ పొంతనే లేదు.

వాడుకోవడానికి కొన్నదాన్ని తర్వాత అమ్ముకుంటే వ్యాపారం కాదు. ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మితే 3,000 పౌండ్లు వచ్చినా పన్ను లేదు. సొంత కారు అమ్మినా అంతే. చూసుకోవాల్సింది బంగారం విషయంలో. ఒక నగ 6,000 పౌండ్ల పైన అమ్ముడుపోయి, అందులో లాభం ఉంటే క్యాపిటల్ గెయిన్స్ (వస్తువు అమ్మిన లాభం మీద పన్ను) లెక్కలోకి వస్తుంది. హారం, కమ్మలు సెట్టుగా ఒకరికే అమ్మితే రెండూ కలిపి ఒక వస్తువే.

అమ్మడానికే కొన్నారా, లేదా? అసలు ప్రశ్న ఇదే. పన్ను శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ దీన్ని కొన్ని గుర్తులతో తేలుస్తుంది: ఒకే రకం సరుకు పదేపదే కొంటున్నారా, కొన్న కొద్ది రోజులకే అమ్మేస్తున్నారా, బాగుచేసి విలువ పెంచుతున్నారా, అప్పు తెచ్చి కొన్నారా. కార్ బూట్ సేల్‌లో (కార్ల డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే సంతలో) పాత కుర్చీ కొని, పాలిష్ పట్టి అమ్మడం వ్యాపారం కిందికే వస్తుంది. సీలు తీయని ఫోన్లు ఆఫర్లో కొని అమ్మడమూ అంతే. ఒక్కసారే చేశాం కదా అన్న మాట అన్నిసార్లూ నిలబడదు. 1929 నాటి కేసులో రట్లెడ్జ్ అనే ఆయన బెర్లిన్‌లో 10 లక్షల టాయ్‌లెట్ పేపర్ రోల్స్ కొని ఒకరికే అమ్మారు. ఒక్క బేరమే అయినా అది వ్యాపార స్వభావం ఉన్న పనే అని కోర్టు తేల్చింది. ఇంట్లో వాడుకోవడానికి ఎవరూ అన్ని రోల్స్ కొనరు.

వ్యాపారం అని తేలినా ఏడాదికి 1,000 పౌండ్ల వరకు ట్రేడింగ్ అలవెన్స్, అంటే పన్ను మినహాయింపు, ఉంది. ఏడాది అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ 1,000 లాభం కాదు, మొత్తం అమ్మకం. కొన్నవాళ్లు 50 పౌండ్లు కట్టి, అమ్మకాల సైటు తన ఫీజుగా 6 పౌండ్లు పట్టుకుని మీకు 44 ఇస్తే, మీ అమ్మకం 50. వాళ్ల దగ్గర తీసుకున్న పోస్టేజీ, చేతికిచ్చిన నగదు కూడా ఇందులోకే వస్తాయి. పైగా ట్యూషన్లు, టిఫిన్లు, పిల్లల్ని చూసుకోవడం లాంటి పక్క పనులన్నిటికీ కలిపి మనిషికి ఒక్కటే అలవెన్స్.

ఒక లెక్క చూద్దాం. షిప్పింగ్‌తో కలిపి ఒక్కోటి 30 పౌండ్లు పడిన చీరలు 20 తెప్పించి, 55 చొప్పున అమ్మారు. అమ్మకం 1,100 పౌండ్లు. కొన్న ఖర్చు 600, పోస్టేజీ 60 తీసేస్తే లాభం 440. జీతంతోనే 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ (ఆదాయంలో పన్ను పడని భాగం) అయిపోయి, 20 శాతం రేటులో ఉన్నవాళ్లు దానిమీద 88 కట్టాలి. ఖర్చులకు బదులు 1,000 అలవెన్స్ తీసుకుంటే మిగిలేది 100, పన్ను 20. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. ఖర్చులు 1,000 దాటితే అసలు ఖర్చులే చూపడం మేలు. నష్టం వచ్చినప్పుడు కూడా అంతే, ఎందుకంటే అలవెన్స్‌తో నష్టం చూపడం కుదరదు. మీరు కట్టుకోవడానికి ఉంచుకున్న చీరని ఖర్చులో రాయకూడదు.

1,000 లోపే కదా, వ్యాపారమే కాదు అనుకునే స్టూడెంట్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ అలవెన్స్ పన్నుకే గానీ వీసాకి కాదు. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం నిషిద్ధం. వారానికి 20 గంటల పరిమితి ఉద్యోగాలకి సంబంధించింది, దీనికి వర్తించదు. 300 పౌండ్ల చీరల కోసం చదువునీ, లక్షలు పోసి తెచ్చుకున్న వీసానీ పణంగా పెట్టకండి. స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్లు కూడా సొంత వ్యాపారం పెట్టుకోవడానికి లేదు. పీఎస్‌డబ్ల్యూ అని మనం పిలుచుకునే గ్రాడ్యుయేట్ వీసా మీద చేయొచ్చు. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లూ చేయొచ్చు. కాకపోతే డిపెండెంట్ పేరు పెట్టి అసలు పనంతా వర్క్ వీసా ఉన్నవాళ్లు నడిపితే చిక్కే. కొనడం, అమ్మడం, బ్యాంకు ఖాతా అన్నీ డిపెండెంటువే కావాలి.

2024 జనవరి నుంచి ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు వివరాలు సేకరించి హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి పంపుతున్నాయి. క్యాలెండర్ ఏడాదిలో ఒక సైటులో 30 అమ్మకాలు జరిగినా, సుమారు 1,700 పౌండ్లు దాటినా మీ వివరాలు వెళ్తాయి. సైటు నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడిగితే కంగారు పడక్కర్లేదు. వివరాలు వెళ్లినంత మాత్రాన పన్ను పడదు. పాత బట్టలు 40 సార్లు అమ్మినా అవి మీ సొంతవే.

అమ్మకం 1,000 దాటితే సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి (మన పన్ను లెక్క మనమే రిటర్నులో చూపే పద్ధతికి) నమోదు చేసుకోవాలి. ఉదాహరణకి 2026 ఏప్రిల్ 5తో ముగిసిన ఏడాదికి 2026 అక్టోబర్ 5 లోపు నమోదు, 2027 జనవరి 31 లోపు ఆన్‌లైన్ రిటర్ను, పన్ను చెల్లింపు. నమోదయ్యాక యూటీఆర్ అనే పది అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది, కాబట్టి జనవరి దాకా ఆగకండి. ఒక్క రోజు ఆలస్యమైనా జరిమానా 100 పౌండ్లు, కట్టాల్సిన పన్ను సున్నా అయినా సరే.

సూట్‌కేసులో తెచ్చే సరుకుకి ఇంకో నియమం ఉంది. ప్రయాణికులకిచ్చే డ్యూటీ మినహాయింపు సొంత వాడకానికే. అమ్మడానికి తెచ్చేవి ఎంత తక్కువైనా కస్టమ్స్‌కి డిక్లేర్ చేయాలి. ఆ కస్టమ్స్ రసీదు, షాపు బిల్లు, షిప్పింగ్ చీటీ, ఎవరు ఎంత పంపారో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు జాగ్రత్త చేయండి. రిటర్ను గడువైన ఆ జనవరి 31 నుంచి ఐదేళ్లు ఇవి మీ దగ్గర ఉండాలి.